మానికెడు జొన్నల చెల్లెలు

డిపో బయట ఆటో కదిలినప్పటి నుంచి దుర్గేశ్ అద్దంలో వెనకొచ్చే బండ్లను చూడటం మానేసి వెనక సీటునే చూస్తున్నాడు.

"నువ్వు థామసన్న మరదలివి గదా? కోమలక్కవు?"

"అవును."

"దుబాయికి పోయినవ్."

"మస్కట్‌కు పోయిన. ఆడికెల్లి బహ్రెయిన్‌కు."

"గదే, దుబాయి." నారాయణఖేడ్ లెక్కలో సముద్రం అవతల ఉన్నది ఒకటే ఊరు, దాని పేరు దుబాయి. మిగతావన్నీ దాని వాడలు. "మరి గీ పాప?"

"నా బిడ్డ."

దుర్గేశ్ బ్రేకు మీద కాలు పెట్టి, తీసి, కొంచెం మర్యాద కోసం గొంతు తగ్గించాడు. "బిడ్డ నీదే, కాదంటలేనక్కా. మొఖం ఎవరిది?"

"నాదే" అంది వెనక నుంచి ఆరేళ్ల మారిసెల్, స్పష్టంగా.

ఆటో ఎదురుగా వస్తున్న చెరకు బండిని కొద్దిలో తప్పించుకుంది. "అవ్వో! తెలుగొస్తది!" అన్నాడు దుర్గేశ్. మళ్లీ ఇల్లు చేరేవరకు నోరు తెరవలేదు. సాయంత్రానికి మాత్రం డిపో దగ్గర ఆటోలన్నిటికీ చెప్పేశాడు, కోమలక్క నేపాల్ పిల్లను తెచ్చిందని, ఆ పిల్ల తెలుగు మనకంటే మంచిగా మాట్లాడుతోందని.

నేపాల్ కాదు. మారిసెల్ తండ్రి రమోన్ ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాడు, బహ్రెయిన్‌లో కోమల ఆయాగా పనిచేసిన దవాఖాన వంటింట్లో వంటమనిషి. ఆదివారం చర్చిలో పరిచయమయ్యాడు. ఆ చర్చిలోనే పెళ్లయింది. సన్నటి కళ్లు, బొడిపె ముక్కు, నిటారు జుట్టు కూతురికిచ్చి, రెండేళ్ల కిందట ఒక జ్వరానికి లొంగిపోయాడు. ఆ తర్వాత కోమల మళ్లీ మస్కట్ పోయింది, మళ్లీ బహ్రెయిన్ వచ్చింది. ఎక్కడున్నా గది ఒకటే, మంచం ఒకటే, పగలు బిడ్డను చూసుకునే మనిషి మాత్రం నెలకొకరు. చివరికి తాళ్లు కట్టిన ఎర్ర సూట్‌కేసుతో ఇంటి దారి పట్టింది.

ఇల్లంటే తల్లిదండ్రుల ఇల్లు కాదు, వాళ్లెప్పుడో పోయారు. అక్క అమృతమ్మ ఇల్లు. అక్కడే వచ్చింది చిక్కు.

అమృతమ్మ వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. ఆటో ఆగింది, సూట్‌కేసు దిగింది, చెల్లెలు దిగింది, పిల్ల దిగింది. చాట ఆగలేదు.

"వచ్చినవా" అంది చెల్లెలితో.

"వచ్చినక్కా."

అప్పుడు పిల్ల వైపు చూసింది. పై నుంచి కింది దాకా ఒకసారి చూసి, పొట్టు దగ్గర ఏరుకు తింటున్న నల్లమచ్చల కోడి వైపు తిరిగింది. "ఏయ్ కోడీ, గా పిల్లకు చెప్పు, చెప్పులు బయట విడువుమని."

మారిసెల్ చెప్పులు విడిచింది. కోడి దగ్గర గొంతుక్కూర్చుంది. "కోడీ, పెద్దమ్మకు చెప్పు, విడిచిన అని."

చాట ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

అమృతమ్మ కోపం ఎందుకో తెలియాలంటే కోమల పుట్టిన ఏడాదికి పోవాలి. అమృతమ్మ తర్వాత ఆ ఇంట్లో పుట్టిన ఇద్దరు మగపిల్లలు పురిట్లోనే పోయారు. మూడోసారి కోమల పుట్టింది. అలాంటి ఇళ్లకు అక్కడి మెథడిస్టు చర్చిలో ఒక వాడుక ఉంది. బిడ్డ బతకాలని చాటలో పడుకోబెట్టి పొరుగువాళ్లకు అమ్మే పాత పద్ధతినే మతం మారినప్పుడు వాళ్లు వెంట తెచ్చుకుని, చర్చి గుమ్మం దగ్గర కొంచెం దులిపి లోపల పెట్టుకున్నారు. కోత పండుగనాడు పంటలో తొలిభాగం తెచ్చి చర్చిలో చాప మీద పెడతారు: గుమ్మడికాయలు, కందులు, కోళ్లు, మేకపిల్లలు. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. ఆ చాప మీదే బిడ్డనూ పడుకోబెడతారు. బిడ్డకు డబ్బుతో పాట పాడకూడదు, చేలో పండినదో పశువో ఇస్తామనే పాడాలి. కన్నవాళ్లు నోరు విప్పకూడదు. కొన్నవాళ్లు బిడ్డను తల్లి ఒళ్లోనే వదిలేస్తారు గానీ ఆనాటి నుంచి ఆ బిడ్డ వాళ్లది. పెళ్లిలో మొదటి మాట వాళ్లది, మొదటి చీర వాళ్లది. ఒకప్పటి మిషన్ దొరసానులు ముక్కు విరిచారట. తర్వాత్తర్వాత వాళ్లూ వెనక వరసలో కూర్చుని ఎంత దాకా పోతుందా అని చూసేవాళ్లట.

కోమలను చాప మీద పెట్టిన రోజు, పదేళ్ల అమృతమ్మ మానికెడు జొన్నలు తెచ్చి పోసి చెల్లెల్ని కొనుక్కుంది. ఎవరూ పోటీ పాడలేదు. పాడితే కరిచేటట్టుందట ఆ పిల్ల.

అప్పటి నుంచి ఇద్దరికీ ఏ తగాదా వచ్చినా చివరి మాట అమృతమ్మదే: "నిన్ను కొన్నదాన్ని నేను." కోమల మస్కట్ పోయిన ఏడాదే అమృతమ్మ జహీరాబాద్ పోయి, చెల్లెలి పెళ్లికని లేతాకుపచ్చ పట్టుచీర తెచ్చి పెట్టెలో పెట్టింది. కొన్నేళ్లకు బహ్రెయిన్ నుంచి ఫోనొచ్చింది. పక్క దుకాణంలోని ఎస్టీడీ బూత్‌కు పోయి ఎత్తింది. "అక్కా, నా పెండ్లి అయిపోయింది" అంది కోమల. అమృతమ్మ "సరే. ఈడ వానల్లేవు" అని ఫోను పెట్టేసింది.

చీర సంగతి బావ థామస్ తర్వాతెప్పుడో చెబితే కోమలకు తెలిసింది. అప్పటికి చెప్పుకోవడానికి ఆమె దగ్గర మాటలు లేవు, చెబితే వినడానికి అక్క దగ్గర చెవి లేదు.

ఇప్పుడు పండుగకు వారమే ఉంది. సంగారెడ్డిలో ఒక దవాఖానలో ఆయా పని ఉందని, చిన్న గది కూడా చూసిపెడతానని తెలిసినావిడ చెప్పింది. కోమల మనసులో ఒక గీత గీసుకుంది. పండుగ అయ్యేలోపు అక్క తన బిడ్డతో ఒక్క మాట, కోడితో కాదు, బిడ్డతో మాట్లాడితే ఉండిపోవడం. లేకపోతే సంగారెడ్డి. మళ్లీ ఒక గది, మళ్లీ ఒక మంచం, మళ్లీ పగలు ఎవరో ఒకరు. అందుకే సూట్‌కేసు తాళ్లు విప్పలేదు. అది గుమ్మం పక్కనే నిలబడింది. అమృతమ్మ రోజూ దాని చుట్టూ తిరిగి పోయేది తప్ప, ఎందుకు విప్పలేదని అడగలేదు.

కానీ ఆ వారమంతా ఆ ఇంట్లో కోడికి తీరిక లేదు.

"ఏయ్ కోడీ, గా పిల్లకు చెప్పు, అన్నం సల్లారుతున్నదని."

"కోడీ, పెద్దమ్మకు చెప్పు, పప్పు కారమున్నది."

"కోడీ, కారం లేని పప్పు ఎవడన్న తింటడా అని అడుగు."

"కోడీ, మా నాన్న తింటుండె అని చెప్పు."

ఇలాంటి మాట వచ్చినప్పుడు అమృతమ్మ లేచి పొయ్యి దగ్గరకు పోయేది. మర్నాడు పప్పులో కారం తగ్గేది. ఎందుకు తగ్గిందో ఎవరూ అడగలేదు. థామస్ మాత్రం కంచం ముందు కూర్చుని, "కోడీ, నాకు జర ఊరగాయ వెయ్యమని చెప్పు" అన్నాడు. అమృతమ్మ ఆయన్ను చూసిన చూపుకు ఊరగాయ లేకుండానే కళ్లలో నీళ్లొచ్చాయి.

ఈ రాయబారం వల్ల జరిగింది ఒకటే. మారిసెల్‌కూ కోడికీ విడదీయరాని స్నేహం కుదిరింది. పిల్ల వెంట కోడి, కోడి వెంట పిల్ల. కానీ ఆ కోడి పండుగకు చర్చికిస్తానని అమృతమ్మ మొక్కుకున్న కోడి. ఆ సంగతి పిల్లకు చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. చెప్పాల్సిన కోడి ఎలాగూ చెప్పదు.

గోడవతలి రుక్కమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. రుక్కమ్మ అంగడిలో కూరగాయలమ్ముతుంది. వాళ్లది హిందువుల ఇల్లు, అయినా కోత పండుగ వేలానికి ఏటా వస్తుంది, గుమ్మడికాయలు చవగ్గా దొరుకుతాయని. ఆమెకూ అమృతమ్మకూ మాటల్లేవు. ఈ నల్లమచ్చల కోడి వాళ్లమ్మ గోడ దూకి, ఎండకు పెట్టిన పాపడాలు ఒక్కటి మిగలకుండా తొక్కిన రోజు నుంచి లేవు. ఆ తల్లి కోడి కూరైపోయి ఏళ్లయింది. తగాదా మాత్రం గుడ్లు పెడుతూనే ఉంది. ఏటా వేలంలో ఒకే గుమ్మడికాయ కోసం ఇద్దరూ పాట పెంచుకుంటూ పోతారు. చర్చికి అది మంచి రాబడి.

"ఏమే కోమలా," అంది రుక్కమ్మ ఒకరోజు గోడ మీద మోచేతులు పెట్టి. "మీ అక్క ఇంకా కోడితోనే మాట్లాడుతున్నదా?"

"అవును రుక్కవ్వా."

"దానికి మొదటి సంది గంతే. మాట కడుపులుంటది, నోట్లెకు రాదు. ఎవరన్న వీపు మీద ఒక్కటి చరవాలె." పిల్ల వైపు చూసింది. "మొఖం చక్కగున్నది. ఎవరిదైతేంది."

పండుగ రోజొచ్చింది. చర్చి గుమ్మానికి చెరకు గడలు కట్టారు. చాప నిండా జొన్న కంకులు, కందుల సంచులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. అమృతమ్మ కోడి ఒక్కటే కాళ్లు కట్టకుండా వచ్చింది. తాడు చూడగానే మారిసెల్ పెట్టిన కేకకు థామస్ తాడు జేబులో పెట్టుకుని, "చేతుల పట్టుకొస్తదిలే" అనేశాడు. ఆరాధన అంతసేపూ కోడి పిల్ల ఒళ్లో పెద్దమనిషిలా కూర్చుంది. పాస్టరు అయ్యగారి ప్రసంగానికి పెద్దమనుషుల్లాగే కునికింది కూడా.

ఆ అయ్యగారు కొత్తవాడు, కోస్తా వైపు నుంచి వచ్చినవాడు. వేలం వేసేది ఆయన కాదు, సంఘపెద్ద దశరథ్. దశరథ్ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. అందుకే వేలంలో మూడోసారి అనడు, రైట్ రైట్ అంటాడు.

గుమ్మడికాయలు పోయాయి, కందులు పోయాయి. దశరథ్ కోడి కోసం చేయి చాచాడు. మారిసెల్ ఇవ్వలేదు. కోడిని గుండెకు హత్తుకుంది. దశరథ్ మెల్లగా లాగాడు. కోడితో పాటు పిల్ల కూడా లేచి వచ్చి చాప మీద నిలబడింది. ఇంకొంచెం లాగితే కోడి సగం, పిల్ల సగం అయ్యేటట్టుంది.

"ఇగ చేసేదేమున్నది," అన్నాడు దశరథ్ జనం వైపు తిరిగి, "కోడితో పాటు పిల్ల! పాడుండ్రి!"

అందరూ గొల్లున నవ్వారు. కోమల కూడా నవ్వింది. కూతుర్ని దించుదామని సగం లేచింది.

"మానికెడు జొన్నలు" అన్న మాట వెనక వరస నుంచి వచ్చింది.

రుక్కమ్మ.

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కోడికైతే డబ్బు పాడాలి. జొన్నలు పాడిందంటే బిడ్డకు పాడినట్టే. అదీ మానికెడు, సరిగ్గా ఎవరో ఒకప్పుడు పోసినంత. ఆ సంగతి తెలిసినవాళ్లందరూ ఒక్కసారిగా అమృతమ్మ వైపు చూశారు. తెలియనివాడు అయ్యగారొక్కడే.

"ఇదేమిటండీ?" అన్నాడాయన.

"ఊకుండుండ్రయ్యా, పాట మొదలైంది" అన్నాడు దశరథ్. ముప్పై ఏళ్లు కండక్టరుగా ఉన్నవాడికి ఒకసారి బండి కదిలాక ఆపడం చేతకాదు. "మానికెడు జొన్నలు, రుక్కమ్మ పాట. ఒకటోసారి!"

కోమల సగం లేచిన మనిషి అలాగే కూర్చుండిపోయింది. కన్నతల్లి నోరు విప్పకూడదు. ఎన్ని దేశాలు తిరిగినా ఈ ఒక్క కట్టు ఆమె నాలుకకు ఇంకా గుర్తుంది. అక్క ఇప్పుడు పలక్కపోతే ఇక ఎప్పటికీ పలకదు. మధ్యాహ్నానికి బస్సు ఉంది. సూట్‌కేసు గుమ్మం దగ్గరే ఉంది.

అమృతమ్మ తల తిప్పలేదు. ఒళ్లో ఉన్న బైబిలు అట్టను బొటనవేలితో రుద్దుతోంది.

"రెండోసారి!"

అమృతమ్మ ఎదురుగా, ఎవరో పాడి కొనుక్కున్న గుమ్మడికాయ ఉంది. దాంతో అంది: "ఏయ్ గుమ్మడికాయా, గా రుక్కమ్మకు చెప్పు. మా ఇంటి పిల్లను మానికెడుకు అడుగుడేందని."

"అట్ల కాదమ్మా," అన్నాడు దశరథ్, "గుమ్మడికాయకు చెప్తే పాట కిందికి రాదు. నాకు చెప్పాలె."

మారిసెల్ చేతుల్లో కోడి కొక్కొక్కోమంది.

"కుంచెడు!" అంది అమృతమ్మ.

"సంచెడు" అంది రుక్కమ్మ, ఆవులిస్తున్నట్టు.

"సంచెడు జొన్నలు, సంచెడు కందులు."

"మేకపిల్ల."

"తల్లి మేక, దాని రెండు పిల్లలు!"

"మా పెరట్లె ఈ ఏడు కాసిన కూరగాయంత."

"నీ పెరట్లె కాసేదేందే, పుచ్చు వంకాయలు! తీసుకపోయి అంగట్ల అమ్ముకో!" అమృతమ్మ లేచి నిలబడింది. కొంగు నడుముకు చుట్టింది. ఏళ్ల తర్వాత రుక్కమ్మతో ఆమె నేరుగా ఆడిన మొదటి మాట అదే. అది కూడా ఎవరూ గమనించలేదు, తర్వాతి మాట అంతకంటే పెద్దది కాబట్టి. "నా బర్రె!"

థామస్‌కు పొలమారింది. ఆ బర్రె పూటకు చెంబులకు చెంబులు పాలిచ్చే బర్రె. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా అమృతమ్మ ముందు బర్రె నుదురు తాకి చూసేది.

రుక్కమ్మ పైట సర్దుకుంది. "నాతోని కాదు తల్లీ. బీదదాన్ని" అని కూర్చుంది. పెదవి చివర ఏదో కదిలింది. అది నవ్వో, తమలపాకో చెప్పలేం.

"రైట్ రైట్!" అన్నాడు దశరథ్.

అమృతమ్మ చాప దగ్గరకు నడిచింది. మారిసెల్ ముందు నిలబడింది. పిల్ల కోడిని ఇంకొంచెం గట్టిగా పట్టుకుని, అలవాటు ప్రకారం, "కోడీ, పెద్దమ్మకు చెప్పు..." అని మొదలుపెట్టింది.

"కోడితో ఏం పనే!" అంది అమృతమ్మ. "నాకు చెప్పు. నోరు లేదా నీకు?"

"కోడిని ఎవ్వరికీ ఇయ్యొద్దు, పెద్దమ్మా."

"ఎవడిస్తడు? కోడితో పాటు పిల్ల అన్నడు దశరథ్. అందరి ముందర అన్నడు. రెండు నావే. నడువు."

కోమల బయటకు వచ్చి, చెప్పులు వెతుక్కునే సాకుతో చాలాసేపు వంగి నిలబడింది. చెప్పులు ఎదురుగానే ఉన్నాయి. ఎప్పటి నుంచో భుజాల మీదున్న బరువేదో దిగి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టయింది.

అయ్యగారు మంచివాడు. బర్రెను ఇవ్వక్కర్లేదని, మనసు చాలునని చెప్పబోయాడు. "దేవుని ఇంట్ల అన్న మాట వాపసు తీసుకుంటనా?" అంది అమృతమ్మ. ఆయన మళ్లీ ఆ విషయం ఎత్తలేదు.

ఇంటికి రాగానే ఆమె గుమ్మం దగ్గరి సూట్‌కేసు తాళ్లు కొడవలితో పటపటా తెంపింది. అందులో బట్టలన్నీ మంచం మీద కుప్ప పోసింది. ఖాళీ సూట్‌కేసును థామస్ చేత అటక మీదికి ఎక్కించింది. ఎవర్నీ ఏమీ అడగలేదు. తర్వాత పెట్టె తెరిచి లేతాకుపచ్చ పట్టుచీర తీసింది. మడతల మధ్య వేపాకులు పొడిపొడిగా రాలాయి.

కోమల చెయ్యి చాపింది. "అక్కా..."

"చెయ్యి చాపకు. నీకు కాదు" అంది అమృతమ్మ. చీర మడత విప్పి మారిసెల్ భుజం మీద వేసి, కొంచెం వెనక్కి నిలబడి చూసింది. పిల్ల చీరలో మునిగిపోయి కళ్లు మాత్రం పైకి తేలాయి. "నీ పెండ్లి నువ్వే చేసుకుంటివి. దీని పెండ్లికి మొదటి మాట నాది. ఈసారి ఎవరు ఫోన్ చేసి చెప్తరో సూస్త."

"ఎవరూ చెయ్యరక్కా" అంది కోమల.

"చేసినా ఎత్తనే ఎత్త." చీరను మళ్లీ మడతపెట్టి, కొత్త వేపాకులు తెమ్మని థామస్‌ను పంపింది. అటు తిరిగి ఉన్నప్పుడే అడిగింది: "వాళ్లయ్య... కారం అసలే తినకుండెనా?"

"అసలే తినకపోతుండె."

"పాపం" అంది అమృతమ్మ. రమోన్ చావుకు ఆ ఇంట్లో ఎవరైనా అన్న మొదటి మాట అది. కోమల ఆ రాత్రి అన్నం రెండోసారి పెట్టించుకు తిన్నది.

చర్చికిచ్చిన బర్రెను తర్వాతి ఆదివారం వేలం వేశారు. రుక్కమ్మ కొనుక్కుంది. ఎంతకు కొన్నదో వాడకట్టంతా తెలుసు, అమృతమ్మకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. గోడవతల కట్టేశారు. అది పొద్దున్నే గోడ మీదుగా తల పెట్టి పాత యజమానురాలిని చూసి అరిచేది. అమృతమ్మ ఆ పక్కకు చూసేది కాదు, కానీ పిడికెడు గడ్డి గోడ మీద పెట్టి మర్చిపోయినట్టు వచ్చేసేది.

కోమల ఒకరోజు ఎవరూ లేనప్పుడు గోడ దగ్గరకు పోయింది. "రుక్కవ్వా, నిజం చెప్పు. నా బిడ్డ కోసమే పాడినవా, మా అక్కతో మాట్లాడిపియ్యాలని పాడినవా?"

రుక్కమ్మ పాలచెంబు కింద పెట్టింది. "గది నాకు యాదికి లేదు బిడ్డా. గీ బర్రె మీద మాత్రం నాకు ఎప్పటి సందో కన్నుండె."

ఇప్పుడు ఆ ఇంట్లో పాలు లేవు. చాయ్‌కి పాలు కావాలంటే గోడవతలి నుంచే రావాలి. అమృతమ్మ రుక్కమ్మ గుమ్మం తొక్కదు. థామస్‌ను పంపితే అక్కడే కూర్చుని చాయ్ తాగి ఉత్త చేతులతో వస్తాడు. అందుకని రోజూ పొద్దున వాకిట్లో ఒకటే కేక వినిపిస్తుంది.

"ఏయ్ పోరీ! మార్సమ్మా! చెంబు తీసుకో, జల్దీ పో. నీళ్లు కలిపిందా అని వేలు పెట్టి సూసి మరీ తీసుకరా!"

మారిసెల్ చెంబు తీసుకుని పరుగెడుతుంది. వెనకాల కోడి పరుగెడుతుంది. కాసేపటికి గోడవతలి నుంచి పిల్ల గొంతు ఖంగుమంటుంది.

"పెద్దమ్మా! కలపలేదంట! పాపడాల పైసలు ఎప్పుడిస్తవని అడుగుతున్నది!"